బావగారి పేరు పిలిచిన రోజు

మా ఆడపడుచు కూతురు ఇంటర్ పూర్తిచేసి ఇంట్లో ఉంటోంది. మొన్న వచ్చి, "అత్తా, నేనూ నీలాగ మిల్లులో అప్రెంటిస్‌కి చేరదామనుకుంటన్నాను. అక్కడేటి నేర్పుతారు?" అని అడిగింది. వారంలో రెండు రోజులు క్లాసు, మిగతా రోజులు మిల్లులో పని, నెలనెలా స్టైఫండు, ఆఖర్న పరీక్ష అని చెప్పాను. జుట్టంతా టోపీలో దూర్చుకోవాలని, చున్నీ వేసుకోనివ్వరని, గోనె దుమ్ముకి మొదట్లో దగ్గొస్తుందని కూడా చెప్పాను. అసలు చెప్పాల్సింది మాత్రం నోటికి రాలేదు. మా పాప నా చంకలో ఉంది. మా అత్తగారు పక్కనే కూర్చుని చిక్కుళ్ళు వలుస్తోంది. అందుకని పాప పడుకున్నాక ఇలా రాత్రిపూట కాగితం మీద పెడుతున్నాను. ఆ పిల్ల కోసం, ఆ పిల్లలాగే చేరబోయే మిగతావాళ్ళ కోసం.

ఇందులో ఎవరి పేరూ రాయను. ఇలాంటివి రాసేవాళ్ళు మర్యాద కోసం పేర్లు రాయరు. ఆ మర్యాదే ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చింది కాబట్టి, నేనూ అదే పని చేస్తున్నందుకు కొంచెం సిగ్గుగానే ఉంది.

నాది కోటబొమ్మాళి వైపు. శ్రీకాకుళంలో బీయస్సీ చదివాను. పెళ్ళయి గరివిడి దగ్గరికి వచ్చాక, డిగ్రీకి తగ్గ ఉద్యోగం కోసం చూసి చూసి విసుగొచ్చి, దగ్గర్లో ఉన్న గోనె మిల్లులో అప్రెంటిస్‌గా చేరాను. సోమ, మంగళవారాలు పాసింజరు ఎక్కి విజయనగరం వెళ్ళి క్లాసులో కూర్చునేవాళ్ళం. బుధవారం నుంచి మిల్లు. క్లాసులో కాగితం మీద బొమ్మ గీసిన యంత్రం బుధవారం పొద్దున్న ఎదురుగా నిలబడి గర్జిస్తుంటే, ఇదీ అదీ ఒకటేనంటే నమ్మబుద్ధయ్యేది కాదు.

రైల్లో నా పక్కన కూర్చునే ఆమె నాకంటే కొంచెం పెద్దది. నేను అక్కా అనేదాన్ని. ఇక్కడ కూడా అక్క అనే రాస్తాను. ఆమె కూడా డిగ్రీ చదివింది. లెక్కల్లో మా అందరికంటే చురుకు. ఆమె భర్త అన్నగారు అదే మిల్లులో ఫిట్టరు. ఆమెకి ఆ సీటు వచ్చిందే ఆయన వల్ల. "ఇంట్లో కూకోబెట్టి ఏటి సేస్తావమ్మా, పని నేర్సుకోనీ," అని తల్లిని ఒప్పించింది ఆయనే. ఆ మాట ఆయన మరదలితో అనలేదు. తల్లితో అన్నాడు. మరదలు తలుపు వెనక నుంచి విన్నది.

మా వైపు పాతకాలం ఇళ్ళల్లో తమ్ముడి భార్య బావగారి ఎదుటపడదు. ఆయన వీధి అరుగు మీద ఉంటే ఆమె పెరటి దారిన వెళ్తుంది. ఇద్దరూ మాట్లాడుకోరు. ఆయన పేరు ఆమె పలకదు. పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందంటారు. ఇప్పుడెవరు పాటిస్తున్నారని మీరు అనొచ్చు. చాలామంది పాటించడం లేదు. వాళ్ళింట్లో పాటిస్తారు.

క్లాసులో మాకు చెప్పే సారుది బెజవాడ వైపు. ఆయన మాకు నేర్పినవాటిలో అన్నిటికంటే ఎక్కువసార్లు చేయించింది ఒకటే. యంత్రం ఆపి, లోపలికి మనిషి దిగాడనుకోండి. దిగేముందు అతను బటన్ల దగ్గర నిలబడ్డ మనిషి ముందుకొచ్చి, తన ఇత్తడి బిళ్ళని అక్కడి కొక్కేనికి తగిలించాలి. బయటికొచ్చాక తన బిళ్ళ తనే తీసుకోవాలి. మళ్ళీ యంత్రం పెట్టేముందు, అంటే తిప్పేముందు, బటన్ల దగ్గరి మనిషి లోపలికి వెళ్ళిన ప్రతి ఒక్కరినీ పేరు పెట్టి పిలవాలి. పేరుగలవాడే పలకాలి. ఒకరి బదులు ఒకరు పలక్కూడదు.

క్లాసులో యంత్రం లేదు కాబట్టి కుర్చీలు వరసగా పేర్చి, అదే యంత్రం అనేవారు. కొందరు కుర్చీల వెనక కూర్చునేవారు. ఒకరు నల్లబల్ల దగ్గర నిలబడి పిలిచేవారు. ఒకరోజు అక్క వంతు వచ్చింది. ఇద్దర్ని పేరు పెట్టి పిలిచింది. మూడోవాడి దగ్గర ఆగిపోయింది.

"ఓయ్, ఆ మూల కుర్చీ బాబూ, వచ్చేసినావా?" అంది.

"పేరమ్మా, పేరు," అన్నారు సారు.

అక్క నేల చూపులు చూసింది. వెనక బెంచీ నుంచి ఎవరో అన్నారు. "అది ఆళ్ళ బావగారి పేరండి. ఆవిడ అనకూడదు."

"ఈ కుర్రాడు ఆవిడ బావగారు కాదుగా," అన్నారు సారు.

"పేరదే కదండీ," అంది అక్క.

క్లాసంతా నవ్వింది. సారు కూడా నవ్వేసి, ఆ కుర్రాణ్ణి లేపి ఇంకొకర్ని కూర్చోబెట్టారు. ఆ కుర్రాడు, "నా పేరు మార్పించుకుంటానక్కా, నువ్వు దిగులెట్టుకోకు," అన్నాడు. అక్క కూడా నవ్వింది. పాఠం ముందుకి సాగింది.

మిల్లులో అక్కనీ నన్నూ కార్డింగ్ విభాగంలో వేశారు. కార్డింగ్ యంత్రం అంటే మనిషికంటే ఎత్తుగా ఉండే డ్రమ్ము. దాని చుట్టూ రోలర్లు. అన్నిటి మీదా ఉక్కు ముళ్ళు. జనపనారని అవి దువ్వుతాయి, మనం తలదువ్వినట్టు. ఆమె బావగారు ఆ విభాగానికే ఫిట్టరు. ఇంట్లో గోడలుంటాయి, తలుపులుంటాయి. షెడ్డులో ఏం ఉంటాయి? ఆయన ఇటొస్తే అక్క అటు తిరిగి నిలబడేది. పనిమీద మాట్లాడక తప్పనప్పుడు మధ్యలో నేను.

"ఆ పెద్ద స్పానరు ఇటియ్యమని సెప్పమ్మా," అనేవాడు ఆయన నాతో. స్పానరు అక్క చేతిలోనే ఉండేది. ఇద్దరి మధ్యా చెయ్యి చాపితే అందేంత దూరం.

"ఇదేనా, దీనికంటే సిన్నదా అడుగు," అనేది అక్క నాతో.

"అదే."

నేను ఈ చేత్తో తీసుకుని ఆ చేత్తో ఇచ్చేదాన్ని. మా మేస్త్రి చూసి, "నీకు ఫిట్టరు జీతంలో సగం ఇప్పించాలే. టెలిఫోను తీగలాగ నిలబడ్డావు," అనేవాడు. మధ్యాహ్నం టిఫిన్ల దగ్గర ఆడవాళ్ళందరికీ మేం ముగ్గురమే నవ్వులాట. ఎవరూ దాన్ని తప్పుగా అనుకోలేదు. ఆయన మంచివాడని, ఆమె పద్ధతిగల పిల్లని అనుకునేవారు. రెండూ నిజమే.

ఆ రోజు మధ్యాహ్నం షిఫ్టులో నార బాగా చుట్టుకుపోయి యంత్రం బిగిసిపోయింది. ఆపేశారు. మూతలు తీశారు. ముగ్గురు మనుషులు వచ్చి, బటన్ల దగ్గర నిలబడ్డ అక్క ఎదురుగానే బిళ్ళలు తగిలించి లోపలికి దిగారు. నేను రెండడుగుల అవతల నార చిక్కు తీస్తున్నాను. కొంతసేపటికి ఫిట్టరు వచ్చాడు. వెనకవైపు ఒక బోల్టు వదులైందని అంతకుముందే మేస్త్రి ఆయనకి చెప్పి ఉన్నాడు. ఆయన రావడం నేను చూడలేదు. తరవాత తెలిసింది.

ఆయన బిళ్ళ తగిలించాలంటే అక్క ముందుకి రావాలి. ఆ కొక్కేలు ఆమె భుజం పక్కనే ఉన్నాయి. ఆయన రాలేదు. యంత్రం చుట్టూ తిరిగి, వెనక నుంచి దూరాడు. అక్కకి కనుకొసల్లో ఆ నీలం బట్టలు కనబడ్డాయి. కనబడగానే ఎప్పటిలాగే గోడవైపు తిరిగిపోయింది. ఆయన ఎటు వెళ్ళాడో, వెళ్ళినవాడు తిరిగొచ్చాడో లేదో ఆమె చూడలేదు. చూడకపోవడమే ఆమెకి నేర్పిన మర్యాద.

ముగ్గురూ బయటికొచ్చారు. బిళ్ళలు తీసుకున్నారు. అక్క ముగ్గురి పేర్లూ పిలిచింది. ముగ్గురూ పలికారు. కొక్కేలన్నీ ఖాళీ. పద్ధతి ప్రకారం అంతా సరిగానే ఉంది.

అక్క వేలు బటన్ మీద పెట్టి ఆగింది. పెదవులు కదులుతున్నాయి. మాట బయటికి రావడం లేదు. నావైపు చూసింది. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు.

"ఏటి సూస్తన్నావు? ముగ్గురూ పలికినారు కదా, పెట్టు," అన్నాడు మేస్త్రి. బోల్టు సంగతి అతనికి గుర్తు లేదు.

అక్క నొక్కింది. నొక్కుతూనే అరిచింది. ఒక మగమనిషి పేరు. గారు లేదు, బావ లేదు, ఏమీ లేదు. ఊళ్ళో చిన్నపిల్లల్ని కేకేసినట్టు, ఒట్టి పేరు. అరుపుతోపాటే వేలు తీసేసింది.

అది ఇంచింగ్ బటన్. నొక్కి ఉంచినంతసేపే యంత్రం మెల్లగా కదులుతుంది. వదిలితే ఆగిపోతుంది. మరమ్మతు తరవాత ముందు దాంతోనే తిప్పి చూస్తారు. డ్రమ్ము కొంచెం కదిలి ఆగింది. వెనక నుంచి మరొక అరుపు వినబడింది. అది మనిషి గొంతులా లేదు.

నేను పరిగెత్తాను. ఆయన నేలమీద కూర్చుని ఎడమ చేతిని ఒళ్ళో పెట్టుకుని దానివైపే చూస్తున్నాడు. రెండు వేళ్ళు చీలిపోయాయి. ఒక వేలి కొస లేదు. బోల్టు బిగించడానికి తల రోలర్ల మధ్య పెట్టి ఉన్నాడట. పేరు వినబడగానే ఎవరు పిలిచారా అని తల బయటికి తీశాడు. చెయ్యి తీసే లోపల రోలరు కదిలింది.

ఆయన్ని ఆటోలో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్క బటన్ల దగ్గర నిలబడ్డది నిలబడ్డట్టే ఉంది. రెండు చేతులతో నోరు మూసుకుని ఉంది. వేళ్ళు తెగాయని ఏడుస్తోందనుకున్నాను. దగ్గరికెళ్తే, "పేరెట్టేసినాను," అంటోంది. "పేరెట్టేసినాను. అందరూ విన్నారు."

మర్నాడు మిల్లువాళ్ళు ఇద్దర్నీ విడివిడిగా అడిగారు. బిళ్ళ ఎందుకు తగిలించలేదంటే ఆయన "మర్సిపోనాను" అన్నాడు. ముందే ఎందుకు పిలవలేదంటే ఆమె కూడా మర్చిపోయానంది. ఇద్దరూ కూడబలుక్కోలేదు. కూడబలుక్కోవాలంటే మాట్లాడుకోవాలి కదా. అడిగిన పెద్దమనుషులూ ఈ ఊళ్ళవాళ్ళే. వాళ్ళు అంతకంటే అడగలేదు.

సోమవారం క్లాసులో సారుకి నేనే చెప్పాను.

"అంటే, ఆయన లోపలున్నాడేమో అని ఆవిడకి అనుమానం ఉంది," అన్నారు.

"ఉందండీ."

"పేరు తెలుసు."

"తెలుసండీ."

"మరి?"

"అనకూడదండీ."

"ఆయన బిళ్ళ పెట్టొచ్చుగా?"

"పెట్టాలంటే ఆవిడ ముందుకి రావాలి కదండీ."

సారు కుర్చీలో కూర్చున్నారు. "ఆరోజు కుర్రాణ్ణి మార్చాను నేను," అన్నారు, ఎవరితోనో అన్నట్టు. ఆరోజు మేమందరం నవ్వాం. నాకు గుర్తుంది. ఆయనకీ గుర్తుంది.

అక్క రావడం మానేసింది. ఆఖరి పరీక్ష దగ్గరపడుతోంది. ప్రాక్టికల్‌కి రాకపోతే అప్పటిదాకా చేసిందంతా వృథా. సారూ నేనూ వాళ్ళింటికి వెళ్ళాం.

ఫిట్టరు అరుగు మీద కట్టు కట్టిన చేత్తో కూర్చుని ఉన్నాడు. లేచి సారుకి కుర్చీ వేశాడు. వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడింది. మేం చెయ్యి ఎలా ఉందని అడిగాం. "మానతాది," అందామె. "సెయ్యి మానతాది బాబూ. పేరెట్టి పిలిసినాది. అంతమందిలో."

"ఆ పిలుపు వల్లే బతికాడమ్మా," అన్నారు సారు.

"బతికినాడు. నాకు తెల్దా? దాని నోరు సల్లగుండ. కానీ పిలిసినాక ఆయుస్సు తగ్గదా? నా కొడుకు ఎన్నాళ్ళుంటాడో నాకెలగ తెలుస్తాది?"

ఆమె కోపంగా అనలేదు. కళ్ళు తుడుచుకుంటూ అంది. కోడల్ని తిట్టేవాళ్ళతో వాదించడం నాకు తెలుసు. భయపడుతున్న తల్లికి ఏం చెప్పాలో తెలియలేదు. ఫిట్టరు నేలవైపే చూస్తూ కూర్చున్నాడు.

నేను లోపలికెళ్ళాను. అక్క పొయ్యి దగ్గర ఉంది. నన్ను చూసి మొదట అడిగింది ఇదీ: "ఒసే, నిజంగా తగ్గుతాదంటావా?"

ఆమె లెక్కలు చదివింది. నేను సైన్సు చదివాను. తగ్గదు అని వెంటనే అనాల్సింది. వెంటనే అనలేకపోయాను. ఎందుకంటే మా ఆయన పేరు నేనింతవరకు నోటితో పలకలేదు. ఎందుకు పలకవని ఎవరైనా అడిగితే అలవాటు అంటాను. అలవాటు కింద ఏముందో ఆ పొయ్యి దగ్గర నాకు మొదటిసారి కనబడింది. కొంచెం ఆగి, "తగ్గదక్కా," అన్నాను. ఆ కొంచెం ఆగడాన్ని ఆమె గమనించింది.

అన్నం వార్చి, "అత్త ఒప్పుకోదు. బావగారు ఏటంటారో నాకు తెలీదు. అడగనేను," అంది.

ఇప్పుడు మా పాప వాళ్ళ నాన్నని పేరు పెట్టి పిలుస్తోంది. వాళ్ళ నానమ్మ పిలవడం విని నేర్చుకుంది. ఇంటిల్లిపాదీ నవ్వుతున్నారు. ఇంకో ఏడాదికి నవ్వడం మానేసి, తప్పమ్మా అంటారు. ఆ మాట ఎవరంటారో అని కాదు నా భయం. నేనే అంటానేమోనని.

పరీక్ష రోజున అక్క మిల్లుకి వచ్చింది. భర్త బండి మీద దింపి వెళ్ళాడు. ఎలా ఒప్పించావని అడిగితే, "నేనేటీ ఒప్పించనేదు. పొద్దున్న బావగారు ఆళ్ళమ్మకి సెప్తంటే విన్నాను. పరీక్ష పోనియ్యకమ్మా అని," అంది. అంతకుమించి ఆమెకీ తెలియదు.

పరీక్ష పెట్టడానికి బయటి నుంచి ఒకాయన వచ్చాడు. ఒక్కొక్కరినీ బటన్ల దగ్గర నిలబెట్టి, యంత్రం ఆపడం, మనుషుల్ని లోపలికి పంపడం, మళ్ళీ పెట్టడం చేసి చూపించమంటున్నాడు. లోపలికి దిగడానికి ముగ్గురు కావాలి. అక్క వంతు రాగానే, దిగేవాళ్ళలో ఒకణ్ణి పక్కకి తప్పించి ఫిట్టరు వచ్చాడు. చేతి కట్టు విప్పి ఎన్నాళ్ళో కాలేదు.

మొదటి ఇద్దరూ బిళ్ళలు తగిలించి వెళ్ళారు. ఫిట్టరు అక్క ముందుకి వచ్చాడు. అక్క గోడవైపు తిరగబోయి, ఆగి, అలాగే నిలబడింది. ఆయన తలవంచుకుని తన పేరు తనే చెప్పాడు. "లోపలికెల్తన్నాను," అన్నాడు. బిళ్ళ తగిలించి వెళ్ళిపోయాడు. మేమందరం చేతిలో పని వదిలేశాం.

ఇద్దరు బయటికొచ్చి బిళ్ళలు తీసుకున్నారు. ఒక బిళ్ళ కొక్కేనికే ఉంది. అక్క మొదటి పేరు పిలిచింది. పలికాడు. రెండో పేరు. పలికాడు.

ఆపైన ఆగిపోయింది. పరీక్ష పెట్టే ఆయనకి ఇదేమీ తెలియదు. "కానీయమ్మా, ఇంకా చాలామంది ఉన్నారు," అన్నాడు.

అక్క పిలిచింది. చిన్న గొంతుతో పిలిచింది. నాకే సరిగా వినబడలేదు. లోపల నుంచి జవాబు రాలేదు. అక్క నావైపు చూసింది. టెలిఫోను తీగని కదా, నన్ను పిలవమంటుందేమో అనుకున్నాను. నా నోట్లో ఆ పేరు సిద్ధంగా ఉంది. కానీ ఆమె నన్ను అడగలేదు. యంత్రంవైపు తిరిగి, ఊపిరి పీల్చుకుని, షెడ్డు చివరిదాకా వినబడేలా ఆ పేరు మళ్ళీ పిలిచింది.

"ఇంకా లోపలే ఉన్నాను తల్లీ," అన్నాడు ఆయన. "పెట్టకు."

అక్క చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది. ఆయన మెల్లగా బయటికి పాక్కుంటూ వచ్చాడు. మీసాల నిండా నార. నిజంగానే ఏదో బోల్టు బిగిస్తున్నాడో, ఆమె పిలిచేదాకా ఉండిపోయాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన అక్క ముందుకి వచ్చి, కొస లేని వేలితో తన బిళ్ళ తను తీసుకుని, చొక్కా జేబులో వేసుకున్నాడు.

"ఇప్పుడు పెట్టు," అన్నాడు ఆమెతో.